ఎగరని నెలలు

మామిడిపల్లి,
5 జూన్ 2011

చి. కవితకు,

దాసు మామ దీవెనలు. ప్రభువు దయవల్ల నేనూ మీ అత్తమ్మ ఇందిరమ్మా బాగున్నాం.

ఫోన్ చేస్తే "మీటింగుల ఉన్న మామా, మళ్ల చేస్త" అంటున్నావు. ఆ మళ్లీ అనేది ఇంతవరకు రాలేదు. ఉత్తరానికి మీటింగులు అడ్డం రావు కనుక రాస్తున్నాను.

నీ విమానం చివరిసారి లేచింది ఫిబ్రవరి ఆరున. వికారాబాద్ దాకా తిరిగొచ్చి, "పుణెకు పోయి నెలలో వస్తాను, వారానికోసారి ఇంజన్ తిప్పుతుండు" అని తాళాలు నా చేతిలో పెట్టి పోయావు. నెలే కదా అని సరేనన్నాను. ఇప్పుడు నాలుగు నెలలు.

ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై రెండేళ్లు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, విను. నేల మీద పావుగంట తిప్పితే నూనె సరిగ్గా కాగదు. కాగని నూనెలో నీరు చేరుతుంది. ఆ నీరు పోవాలంటే పైకి లేచి కనీసం అరగంటైనా ఎగరాలి. ఎగరకుండా ఊరికే తిప్పితే ఇంజన్‌ను మనమే లోపల్నుంచి తుప్పు పట్టించినట్టు. ఎగరడం కుదరకపోతే నిద్రపుచ్చాలి. అంటే పాత నూనె తీసి, తుప్పు రానివ్వని నూనె పోసి, స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి, వాటి చోట తేమను పీల్చే గుళికల బిరడాలు బిగించి, గొట్టాల నోళ్లన్నీ మూసెయ్యాలి. అలా ఉంచితే ఏడాదైనా ఏమీ కాదు. కానీ మళ్లీ లేపాలంటే ఒక రోజంతా పని.

అందుకే తారీఖు అడుగుతున్నాను. మీ బాపు ఎయిర్‌పోర్టు పక్క రెండెకరాలు అమ్మినప్పుడు మీ అన్న దుకాణాల మడిగెలు కట్టుకున్నాడు. నిన్ను జల్‌పల్లిలో ప్లాటు తీసుకొమ్మని ఊరంతా చెప్పినా వినకుండా రెండు సీట్ల విమానం కొన్నావు. అంత ఇష్టపడి కొన్నదాన్ని ఇలా ఉంచడం నాకు నచ్చడం లేదు.

దాసు

పుణె,
16 జూన్ 2011

దాసు మామా,

నమస్తే. నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆఫీసులో కొత్త ప్రాజెక్టు, ఊపిరాడడం లేదు. జూలై రెండో వారంలో ఖాయంగా వస్తాను. నిద్రపుచ్చే పని పెట్టుకోకు. నాకు దొరికేదే నాలుగు రోజుల సెలవు. దాన్ని లేపడానికే ఒక రోజు పోతే ఎట్లా? ఎప్పటిలాగే వారానికోసారి తిప్పు చాలు.

నువ్వు మరీ భయపడుతున్నావు మామా. అది మొండిది. అత్తమ్మను అడిగానని చెప్పు.

కవిత

మామిడిపల్లి,
24 జూలై 2011

చి. కవితకు,

రెండో వారం పోయింది. మూడోది కూడా పోయింది.

బుధవారం నుంచి ముసురు. నేను పోయేసరికి నీ విమానం హ్యాంగరు బయట వానలో నిలబడి ఉంది. ఎవరిదో పెద్ద జెట్టు వచ్చిందని మేనేజరు దాన్ని తోయించాడట. ఇదేం పద్ధతని అడిగాను.

"ఎగిరేదానికి జాగ ఇస్తగని, ఎగరనిదానికి ఎందుకే?" అన్నాడు.

"కిరాయి కడుతున్నం గద" అన్నాను.

"కిరాయి కట్టంగనే అయిపాయెనా? ఆమె ఎప్పుడొస్తదో చెప్పు. గప్పటిదాంక లోపల పెడత."

ఏం చెప్పను? నాకే తెలియదు. చివరికి నేను, లైసెన్సున్న ఇంజనీరు మల్లేశ్వర్, ఇద్దరం తడుస్తూ తోసి ఒక మూలకు చేర్చాం.

గాలి వేగం చూపే గొట్టంలో కుమ్మరి పురుగు మట్టి గూడు పెట్టింది. మూత తీసి తుడిచేలోపే దూరింది. అది చిన్న పని, సూదితో తీసేశాను. నూనె కడ్డీ లాగి చూస్తే చివర తెల్లటి నురగ ఉంది. అది చిన్నది కాదు, నూనెలో నీరు చేరింది. మల్లేశ్వర్ కూడా చూసి తల ఊపాడు.

వస్తానని తారీఖైనా చెప్పు, రానని అయినా చెప్పు. రెండింటిలో ఏది చెప్పినా నా పని నాకు తెలుస్తుంది. "వస్తున్నా" అని ఊరుకుంటే ఎగరవేయలేను, నిద్రపుచ్చలేను. చేతులు కట్టుకుని దాన్ని చూస్తూ కూర్చోవాలి.

దాసు

పుణె,
4 ఆగస్టు 2011

మామా,

రాలేకపోయాను. కారణాలు రాయాలని లేదు.

ఒక్కటే మాట. దాన్ని నిద్రపుచ్చొద్దు. ప్రతి ఆదివారం పొద్దున సరిగ్గా పదింటికి ఇంజన్ తిప్పు. ఎంతసేపు తిప్పావో, ఆయిల్ ప్రెషర్ ఎంత చూపిందో నెలకోసారి రాసి పంపు. ఎందుకని అడగొద్దు. దసరాకు వస్తాను.

కవిత

మామిడిపల్లి,
31 ఆగస్టు 2011

కవితకు,

నువ్వు అడిగినవి రాస్తున్నాను. 14వ తేదీ, పదిహేను నిమిషాలు, ప్రెషర్ అరవై. 21న పదిహేను నిమిషాలు, యాభై ఎనిమిది. 28న పద్నాలుగు నిమిషాలు, అరవై.

టైర్లు ఒకే చోట నొక్కుకుపోకుండా చక్రాలు పావు వంతు తిప్పి నిలిపాను. బ్యాటరీ తీసి చార్జి పెట్టాను. చెప్పడానికి ఇంకేమీ లేదు.

దాసు

పుణె,
12 సెప్టెంబరు 2011

దాసు మామా,

నీ అంకెలు నాలుగు సార్లు చదివాను. చూశావా, అరవై! మొండిది అని చెప్పానా లేదా?

ఒక చిన్న కోరిక. ఏదో ఒక ఆదివారం ఇంజన్ నడుస్తుండగా నాకు ఫోన్ చేసి, ఫోన్ దానివైపు పట్టుకో. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు. రెండు నిమిషాలు చాలు.

కవిత

మామిడిపల్లి,
9 అక్టోబరు 2011

కవితకు,

విమానాలు నిలిపే చోట ఫోన్ వాడనివ్వరు. అది కుదరదు.

సెప్టెంబరు అంకెలు వెనక రాశాను. సమ్మె వల్ల బస్సులు లేవు. మామిడిపల్లి నుంచి సైకిలు తొక్కుకుంటూ పోయి వస్తున్నాను. యాభై తొమ్మిదేళ్ల మోకాళ్లు ఆ ఎత్తు ఎక్కలేమంటున్నాయి. అది నీ తప్పు కాదులే.

మొన్న శంషాబాద్‌లో మీ బాపు కుర్మయ్యన్న కలిశాడు. టీ తాగుదామని కూర్చోబెట్టాడు.

"ఏంది దాసూ, బిడ్డ బండి మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. కవితనే రావాలె."

"మొన్న చవితికి వచ్చింది గద? నాలుగు దినాలు ఉండె. బండి కాడికి పోతున్న బాపూ అని రెండు దినాలు పొద్దుగాలనే ఆటో ఎక్కింది. దాసు మామ మస్తు మంచిగ పెట్టిండు, తళతళ మెరుస్తున్నది అని చెప్పె."

నీ అబద్ధం బయటపెట్టకుండా టీ తాగి లేచాను. ఆ నాలుగు రోజులూ నేను హ్యాంగరులోనే ఉన్నాను. నువ్వు రాలేదు.

ఎక్కడికి పోయావో నాకు అక్కర్లేదు. ఆటోలో అరగంట దూరం దాకా వచ్చి, దాని ముఖం కూడా చూడకుండా, నా పేరు చెప్పి మీ బాపును నమ్మించి వెళ్లిపోయావు. అంత కానిదైపోయిందా అది? నేను కూడానా?

దాసు

పుణె,
20 అక్టోబరు 2011

దాసు మామా,

నేను ఎక్కడికి పోయానో, ఎందుకు పోయానో ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని లేదు. నిన్ను పెట్టుకున్నది విమానాన్ని చూసుకోవడానికి. నన్ను చూసుకోవడానికి కాదు. బాపుతో టీ తాగుతూ నా సంగతులు మాట్లాడటానికి అసలే కాదు.

అది నా విమానం. ఎగరేస్తానో, ఎగరెయ్యనో నా ఇష్టం. ఆదివారం పదింటికి ఇంజన్ తిప్పమన్నాను. అది చెయ్యి చాలు.

కవిత

మామిడిపల్లి,
13 నవంబరు 2011

విమాన యజమాని కవిత గారికి,

డిసెంబరు 31తో నా గేటు పాసు గడువు ముగుస్తుంది. మీ సంతకం లేనిదే కొత్త పాసు ఇవ్వరు. నా పేరు మీద కొత్త పాసుకు అర్జీ పెట్టవద్దని మనవి. తాళాలు, లాగ్‌బుక్కు, పనిముట్ల పెట్టె ఎవరికి అప్పగించాలో తెలియజేయండి.

అక్టోబరు అంకెలు జత చేయలేదు.

ఇట్లు,
ప్రేమదాసు

పుణె,
4 డిసెంబరు 2011

మామా,

నువ్వు నన్ను "గారు" అన్నావు. ఆ కాగితం రెండు వారాలుగా నా బ్యాగులోనే తిరుగుతోంది. ఇప్పుడు రాయబోయేది ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపుకూ తెలియదు.

మార్చి పదకొండున ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోయాను. లేచేసరికి నేల మీద ఉన్నాను. నాలుక తెగి, నోరంతా రక్తం. చుట్టూ ఉన్నవాళ్లు నావైపు చూడకుండా గోడల వైపు చూస్తున్నారు. ఫిట్స్ అన్నారు. ఒక్కసారి వచ్చింది కదా, మళ్లీ రాదులే అనుకున్నాను. మే నెలలో లైసెన్సు కోసం డాక్టరీ పరీక్షకు పోయాను. అక్కడ దాచలేదు. దాచి ఎగిరి, పైన పడిపోతే కింద ఉండేది మన ఊళ్లే కదా మామా. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎగరకూడదని ఒక్క కాగితం ఇచ్చారు. అందులో నా పేరు కూడా తప్పు రాశారు.

జూలైలో టికెట్ నిజంగానే కొన్నాను. బయలుదేరే ముందు రోజు మళ్లీ వచ్చింది.

చవితికి హైదరాబాద్ వచ్చింది పెద్ద డాక్టరు కోసం. అది ఫిట్స్ కాదని ఆయనతో రాయించుకుంటే చాలని ఆశ. రెండు పొద్దులూ ఆ దవాఖాన బల్ల మీదే కూర్చున్నాను. ఆయన రాయలేదు. కారు కూడా నడపొద్దన్నాడు. బయటికొచ్చి ఆటోవాడికి ముందు ఎయిర్‌పోర్టు అని చెప్పాను. ఆరాంఘర్ దాటాక వెనక్కి తిప్పమన్నాను. దాన్ని చూస్తే నీకు చెప్పకుండా ఉండలేను. నీకు చెబితే అది నిజమైపోతుంది. అంతే.

ఆదివారం పదింటికి ఎందుకని అడగొద్దన్నాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ పావుగంట నేను ఇక్కడ గదిలో తలుపేసుకుని కూర్చుంటాను. ఇప్పుడు మామ స్విచ్ వేశాడు, ఇప్పుడు ప్రొపెల్లర్ అందుకుంది, ఇప్పుడు ప్రెషర్ ముల్లు లేచింది అనుకుంటూ. నాది ఏదో ఒకటి ఇంకా ఎగరడానికి సిద్ధంగా ఉందని. వారమంతా మాత్రలు మింగుతూ దానికోసమే చూస్తాను. ఇంజన్ పాడైపోతుందని నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పావు. అయినా తిప్పమన్నాను. తెలిసే అన్నాను.

పాసు కాగితం మీద సంతకం పెట్టి ఇందులోనే పంపుతున్నాను. వాడతావో చింపుతావో నీ ఇష్టం.

కవిత

మామిడిపల్లి,
18 డిసెంబరు 2011

బిడ్డా కవితా,

నీ ఉత్తరం ఇందిరమ్మ చదివి వినిపించింది. నా కళ్లద్దాలు ఎదురుగానే ఉన్నాయి. అయినా ఆమెనే చదవమన్నాను.

మొదట నాకు వచ్చింది కోపమే. అది దాచను. మేలోనే ఒక్క మాట చెప్పి ఉంటే నీ మీద ఇన్ని రాళ్లు వేసేవాణ్ణి కాదు. వానలో దాన్ని తోస్తూ ఈ పిల్లకు పొగరెక్కిందని తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

ఇప్పుడు నా సంగతి. ఇది నాకూ రాయడం కష్టంగా ఉంది.

నువ్వు ఆదివారాలు పదింటికి కూర్చుని విన్న ఇంజన్ నడవలేదు బిడ్డా.

ఆగస్టు ఏడున ఒకసారి తిప్పాను. తర్వాత మల్లేశ్వర్ ఒక సిలిండరులోకి దీపం వేసి చూసి, "అన్నా, ఎర్రగ మొదలైంది. ఇంకో నెల గిట్లనే తిప్పితే ఇగ బయటకి తీసి పారేసుడే" అన్నాడు. నేను కూడా చూశాను. తుప్పు పలచగా, పొడిలాగా ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు యజమానివి. తిప్పమన్నావు. కానీ నా చేతులతో ఒక ఇంజన్‌ను పాడు చెయ్యమని ఎవరు చెప్పినా నా వల్ల కాదు. 14వ తేదీన ఇద్దరం కలిసి లోపల శుభ్రం చేసి నిద్రపుచ్చాం. ప్రొపెల్లర్‌కు "తిప్పరాదు" అని ఎర్ర చీటీ కట్టాను. లాగ్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టే రాశాం, మల్లేశ్వర్ సంతకం ఉంది. అబద్ధం రాసింది నీ ఉత్తరాల్లోనే. ఆ అరవైలు, యాభై ఎనిమిదులు నిరుటి నోటుబుక్కు నుంచి ఎక్కించాను.

ఎయిర్‌ఫోర్స్‌లో నా కన్ను చూడని అంకె నా చెయ్యి ఒక్కటి కూడా రాయలేదు. ఇప్పుడు రెండు నెలలు రాశాను. గుళికలు తేమ పీల్చి నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే ఇంటికి తెచ్చి పాత పెనం మీద వేయించి మళ్లీ నీలం చేసేవాణ్ణి. ఇక ఆ పెనం వంటకు పనికిరాదని ఇందిరమ్మ రోజూ తిడుతూనే ఉంది. ఫోన్ వాడనివ్వరన్నది నిజమే. వాడనిచ్చినా నీకు వినిపించడానికి నా దగ్గర చప్పుడు లేదు.

నువ్వు ఒక్కసారి వచ్చి ఉంటే ఆ ఎర్ర చీటీ చూసేదానివి. రాకపోవడం నాకు కలిసొచ్చింది. రాలేదని నిన్ను తిట్టింది కూడా నేనే.

పాసు చింపలేదు.

దాసు మామ

పుణె,
2 మార్చి 2012

దాసు మామా,

రెండు నెలలు రాయలేదు. కోపంతోనే రాయలేదు. ఇంజన్ బాగుందని సంతోషపడాల్సింది పోయి, నా ఆదివారాలన్నీ ఎవరో ఎత్తుకుపోయినట్టు ఏడ్చాను. చప్పుడే లేని ఇంజన్ కోసం ఇన్ని వారాలు కూర్చున్నానా అని నా మీద నాకే అసహ్యం వేసింది. నీకు తిడుతూ రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. "నాది నాకు చెప్పకుండా ఎట్లా చేస్తావు?" అన్న చోటికి వచ్చేసరికి ప్రతిసారీ పెన్ను ఆగిపోయింది. నేను చేసిందీ అదే కదా.

జనవరిలో ఇంకోసారి వచ్చింది. డాక్టరు మందు పెంచాడు. ఇక పరీక్షకు మళ్లీ పోదామన్న ఆశ వదిలేశాను.

అమ్మేస్తాను మామా. ఎగరడం నేర్పే స్కూలు ఏదైనా ఉంటే చూడు. రోజూ ఎగిరేవాళ్లకే ఇవ్వాలి. ఇంకో హ్యాంగరు మూలకు మాత్రం వద్దు.

కవిత

మామిడిపల్లి,
9 సెప్టెంబరు 2012

చి. కవితకు,

నీకోసం కాపాడింది పరాయివాళ్లకు చూపించాలంటే నాకు చెయ్యి రాలేదు. అందుకే ఇంత ఆలస్యం. మల్లేశ్వర్ తిట్టాక కదిలాను.

నాందేడ్ వైపు ఒక ఫ్లయింగ్ స్కూలు వాళ్లు వచ్చారు. బిరడాలు తీసి, కొత్త నూనె పోసి, రోజంతా పట్టి లేపాం. వాళ్ల ఇంజనీరు నాలుగు సిలిండర్లలోకీ గొట్టం కెమెరా పెట్టి చూశాడు. ఏడాదిన్నరగా ఎగరలేదంటే నమ్మలేదు. లాగ్‌బుక్కు రెండుసార్లు తిరగేశాడు. తర్వాత స్విచ్ వేస్తే మూడో తిప్పుకు అందుకుంది. ఈసారి నిజంగానే అందుకుంది బిడ్డా. మల్లేశ్వర్‌ను అడుగు కావాలంటే.

వచ్చే నెల పద్దెనిమిదిన తీసుకుపోతారు. పైలట్ పక్క సీటు ఖాళీ. నిన్ను కూర్చోబెట్టాలని నేనే అడిగాను, సరేనన్నారు. రావడం రాకపోవడం నీ ఇష్టం. నేను మాత్రం తారీఖు అడగను.

దాసు మామ

నాందేడ్ స్టేషన్,
18 అక్టోబరు 2012

మామా,

రైలుకు ఇంకా రెండు గంటలుంది. పొద్దున నువ్వు కంచె దగ్గర నిలబడిపోయావు కదా, ఆ తర్వాత జరిగింది రాస్తున్నాను.

మూడు పెద్ద విమానాలు పోయేదాకా మమ్మల్ని ఆపారు. లేచాక ఎడమకు తిరిగాం. జల్‌పల్లి చెరువు కనిపించింది. మామిడిపల్లి కూడా కనిపించింది, కానీ మీ ఇంటి కప్పు ఏదో గుర్తుపట్టలేకపోయాను. అన్నీ కొత్త మేడలే. ఇంజన్ ఎక్కడా తడబడలేదు. నేను చెవి అక్కడే పెట్టి విన్నాను.

నడిపింది ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. శంకర్‌పల్లి దాటాక, "మీ విమానమే కదా మేడం, కాసేపు పట్టుకుంటారా?" అంది. నా ముందు కూడా నడిపే చక్రం ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది కూడా.

"వద్దమ్మా. నాకు ఫిట్స్ వస్తాయి" అన్నాను.

నా నోటితో ఆ మాట అనడం డాక్టర్ల ముందు తప్ప అదే మొదలు. ఆ అమ్మాయి ఒకసారి నావైపు చూసి, "మందులు వాడుతున్నారా?" అంది. వాడుతున్నానన్నాను. "సరే, అయితే గోదావరి కనబడగానే చెప్పండి" అంది. అంతే మామా. ఆకాశం ఏమీ కూలలేదు. గోదావరి నాకే ముందు కనబడింది.

దిగాక దానివైపు ఎక్కువసేపు చూడలేదు. అప్పటికే ఇద్దరు పిల్లలు దాని చుట్టూ తిరుగుతున్నారు. స్టేషన్‌కు వచ్చి బాపుకు ఫోన్ చేశాను. విమానం అమ్మానని, ఎందుకు అమ్మానో మొత్తం చెప్పాను.

"గీ మాట చెప్పనీకి ఇన్ని దినాలు వట్టిందా బిడ్డా? మా అవ్వకు గిదే ఉండె" అన్నాడు.

మా నాయనమ్మ రాములమ్మ నేను పుట్టకముందే పోయింది. ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"నాకెందుకు చెప్పలే బాపూ?"

"చెప్పుకునే ముచ్చటనా అని అందరం మూసిపెట్టినం. పొలంల పడేది. మేం పక్కకు ఒరిగించి పట్టుకుంటుంటిమి. జరసేపటికి లేచి మళ్ల పనికి పోయేది."

"మరి ఎట్ల బతికింది బాపూ ఆమె?"

"ఎట్ల బతుకుడేంది? నాట్లేసింది, కోతలు కోసింది, మమ్ముల అయిదుగురిని సాదింది. ఎడ్లబండి ఒక్కటి తోలకపోయేది, గంతే."

కవిత